మన జాతీయ పతాకము – మూడు వర్ణముల భావము

ఏటా జనవరి 26వ తేదీనాడును, ఆగస్టు 15వ తేదీనాడును గ్రామ పంచాయతీ కార్యాలయము ముందర జాతీయ పతాకము ఎగురును. వందనము ముగిసిన పిమ్మట సర్పంచి గాని, వార్డు సభ్యులలో ఒకరు గాని నాలుగు మాటలు చెప్పుట వాడుక. ఆ మూడు రంగులకు అర్థమేమని పిల్లలు అడుగుదురు. కాషాయము హిందువులదనియు, ఆకుపచ్చ ముస్లిములదనియు, తెలుపు తక్కినవారిదనియు చెప్పువారు పెక్కుమంది కలరు. ఈ సమాధానము సరియైనది కాదు. ఒకప్పుడు ఇట్టి అర్థము చెప్పబడిన మాట నిజమే. కాని దేశనాయకులు దానిని బుద్ధిపూర్వకముగా విడిచిపెట్టి తొంబది సంవత్సరములు దాటినది. ఎందుకు విడిచిరో తెలిసికొనుట పంచాయతీ సభ్యులకు అవసరమని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

బెజవాడలో తొలి రూపము

జాతీయ పతాక చరిత్రలో తెలుగువారికి విశిష్టమైన స్థానము కలదు. మచిలీపట్టణమునకు సమీపమున నున్న భట్లపెనుమర్రులో జన్మించిన శ్రీ పింగళి వెంకయ్య మచిలీపట్టణపు జాతీయ కళాశాలలో పనిచేసిరి. ఒక జాతికి పతాకము ఎంత ముఖ్యమో గ్రహించి, ఇతర దేశముల జెండాలను పరిశీలించి, భారతదేశమునకు తగిన నమూనాలతో 1916లో ఒక గ్రంథమును ప్రకటించిరి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనది. అప్పుడు వెంకయ్యగారు గాంధీ మహాత్మునికి ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండా నమూనాను సమర్పించిరి. జెండాపై రాట్నము ఉండవలెనని జలంధరు వాసి లాలా హంసరాజ్ సూచించి యుండెను. తెల్లని పట్టీని కూడ చేర్పవలెనని గాంధీజీ కోరిరి. ఆ ఏప్రిల్ నెలలోనే తమ పత్రికలో ఈ విషయమును వ్రాయుచు వెంకయ్యగారి కృషిని పేర్కొనిరి.

నాడు చెప్పబడిన అర్థము మతములను అనుసరించినదే. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు, తెలుపు తక్కిన మతములవారికి గుర్తు. అందరిని ఒక్క గుడ్డపై కలుపవలెనన్న సదుద్దేశముతోనే ఆ ఏర్పాటు జరిగినది. ఆ జెండాను చేతబట్టి 1923లో నాగపురమున సత్యాగ్రహము చేసి ఎందరో చెరసాలలకు పోయిరి.

మతముల లెక్క తొలగిన విధము

అయితే రంగులను మతములకు పంచుటలో ఒక చిక్కు ఉన్నది. పంపకమన్న పిదప, నా భాగమేది అని అడుగువారు లేకపోరు. తమ వర్ణమును కూడ చేర్పవలెనని సిక్ఖులు కోరిరి. ఆ కోరికలో తప్పులేదు. తప్పు పంపకములోనే ఉన్నది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పట్టీ ఇచ్చినచో జెండా పట్టీల మూటయగును గాని ఒక జాతి చిహ్నము కాజాలదు.

దీనిని పరిష్కరించుటకు 1931 ఏప్రిల్‌లో కరాచీలో ఏడుగురితో ఒక సంఘము నియమింపబడెను. సర్దార్ పటేల్, మౌలానా ఆజాద్, మాస్టర్ తారాసింగ్, జవహర్‌లాల్ నెహ్రూ మున్నగువారు అందు సభ్యులు. మన డాక్టరు పట్టాభి సీతారామయ్య దానికి సంచాలకులు. రాట్నముతో కూడిన ఏకవర్ణపు కేసరి జెండాను వారు సూచించిరి. దానిని కాంగ్రెసు అంగీకరింపలేదు. ఆ ఆగస్టులో బొంబాయిలో కాషాయము, తెలుపు, ఆకుపచ్చ పట్టీలతో, నడుమ నీలి రాట్నముతో కూడిన జెండా ఆమోదింపబడెను.

ఆ తీర్మానములో మనము గుర్తుంచుకొనవలసిన మాట ఒకటి కలదు: ఈ వర్ణములకు మతపరమైన అర్థము లేదు. కాషాయము ధైర్య త్యాగములకు, తెలుపు సత్య శాంతులకు, ఆకుపచ్చ విశ్వాస పరాక్రమములకు గుర్తులని స్పష్టపరచిరి. అనగా ముస్లిము సోదరుని త్యాగము కాషాయములోను, హిందూ సోదరుని విశ్వాసము ఆకుపచ్చలోను కలవు. ఏ పట్టీయు ఒకరి సొత్తు కాదు. జెండా మొత్తము అందరి సొత్తు.

రాట్నము చక్రమైనది

1947 జూలై 22న రాజ్యాంగ సభ మన జాతీయ పతాకమును ఆమోదించినది. తీర్మానమును నెహ్రూజీ ప్రతిపాదించిరి. కొందరు ఈ జెండాకు మతపరమైన అర్థము కల్పించుచున్నారనియు, అట్టి భావము దీనిలో లేదనియు వారు నాడు సభలోనే చెప్పిరి.

రాట్నమునకు బదులు చక్రము వచ్చుటకు ఒక కారణము కండ్లకు కనబడునదే. రాట్నము ఒకవైపు చక్రము, ఒకవైపు కదురు గల వస్తువు. జెండా వెనుకనుండి చూచినచో అది తారుమారుగా కనబడును. చక్రము ఏ వైపునుండి చూచినను ఒక్కటియే. సారనాథములోని అశోక స్తంభ శిరస్సుపై నున్న ధర్మచక్రమునుండి దీనిని గ్రహించిరి. ఇది రాట్నమునకు ప్రతినిధి యని ఆ తీర్మానములోనే కలదు. నేటి చక్రమునకు 24 ఆకులు. దాని రంగు ముదురు నీలము.

డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ సభలో వర్ణముల భావమును వివరించిరి. కాషాయము నాయకుల నిస్వార్థమునకు, తెలుపు మనలను నడుపు సత్యపు వెలుగునకు, ఆకుపచ్చ నేలతోను, సమస్త జీవులకు ఆధారమైన పచ్చదనముతోను మనకు గల సంబంధమునకు గుర్తులు. చక్రము ధర్మమునకును, చలనమునకును చిహ్నము. ఈ భావములు పంచాయతీకి దూరమైనవి కావు. పనుల మంజూరులో స్వలాభము చూడనిచో అది కాషాయము. జమాఖర్చులను గ్రామసభలో దాపరికము లేక చదివి వినిపించినచో అది తెలుపు. చెరువును, చెట్టును కాపాడినచో అది ఆకుపచ్చ. తలపెట్టిన పనిని మధ్యలో ఆపక సాగించినచో అది చక్రము.

బాసర ప్రాంతమున పదమూడు నెలలు

ఢిల్లీలో స్వాతంత్ర్య పతాకము ఎగిరిన నాడు గోదావరీ తీరమునందలి బాసరలో దానిని ఎగురవేయుట నేరము. ఈ ప్రాంతము అప్పుడు నిజాము పాలనలోని హైదరాబాదు రాజ్యములో ఉండెను. అధికార పతాకము పసుపుపచ్చని ఆసఫియా జెండా. స్వామి రామానంద తీర్థ నాయకత్వమున హైదరాబాదు స్టేట్ కాంగ్రెసు 1947 ఆగస్టు 7వ తేదీని భారత యూనియనులో చేరిక కోరు దినముగా పాటించెను. ఆగస్టు 15న త్రివర్ణ పతాకము నెత్తుటకు పిలుపునిచ్చెను. ప్రభుత్వము స్వామీజీని నిర్బంధించెను. రాజ్యములో పలుచోట్ల జెండా పట్టినవారు లాఠీదెబ్బలు తిని జైళ్ల పాలైరి. 1948 సెప్టెంబరు 17న నిజాము ప్రభుత్వము లొంగిపోవువరకు, అనగా పదమూడు నెలలకు పైగా, ఈ నేలపై జాతీయ పతాకము స్వేచ్ఛగా ఎగురలేదు.

ముధోలు తాలూకాలోని ఈ ప్రాంతము 1956 వరకు నాందేడు జిల్లాలో ఉండి, పిమ్మట ఆదిలాబాదు జిల్లాలో చేరి, 2016 నుండి నిర్మల్ జిల్లాలో ఉన్నది. ఇచ్చట తెలుగు, మరాఠీ, ఉర్దూ మాటలాడువారు ఇరుగుపొరుగుగా నివసింతురు. జ్ఞాన సరస్వతి సన్నిధిలో బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించుటకు పొరుగు రాష్ట్రమునుండి కూడ కుటుంబములు వచ్చును. పలకపై దిద్దించు మొదటి అక్షరము తప్పైనచో ఆ తప్పు బిడ్డకు అలవాటగును. జెండాను గూర్చి పిల్లలకు చెప్పు మొదటి మాటయు అట్టిదే. ఇన్ని భాషలు, ఇన్ని మతములు కలిసియున్న చోట రంగులను పంచి చెప్పుటకంటె హాని వేరొకటి లేదు.

పంచాయతీ పాటింపవలసినవి

పతాక నియమావళి 2002 జనవరి 26 నుండి అమలులో ఉన్నది. అందలి ముఖ్యాంశములు ఇవి:

1. పొడవు, వెడల్పులు 3:2 నిష్పత్తిలో ఉండవలెను. పొడవు 90 సెంటీమీటర్లయినచో వెడల్పు 60. కాషాయము పైన ఉండవలెను.

2. చినిగిన, నలిగిన జెండాను ఎగురవేయరాదు. జెండాపై ఏమియు వ్రాయరాదు. అది నేలను గాని నీటిని గాని తాకరాదు. అదే స్తంభమునకు మరియొక జెండాను కట్టరాదు.

3. ఎగురవేయునపుడు చురుకుగాను, దించునపుడు మెల్లగా, గౌరవముతోను త్రాడు లాగవలెను. పండుగ దినములలో ముడిలో పూరేకులు ఉంచవచ్చును.

4. ఖాదీయే గాక, 2021 డిసెంబరు సవరణ ననుసరించి యంత్రముపై నేసిన వస్త్రమును, పాలిస్టరును కూడ వాడవచ్చును. 2022 జూలై నుండి పౌరులు తమ ఇండ్లపై రాత్రింబవళ్లు ఎగురవేయవచ్చును.

5. పాడైన జెండాను చెత్తలో వేయరాదు. ఏకాంతమున, గౌరవముతో, వీలయినంతవరకు దహనము చేయవలెను. పిల్లలు పట్టుకొను కాగితపు జెండాలను ఉత్సవానంతరము నేలపై వదలివేయకుండ ఏరి దాచవలెను.

జెండాను బుద్ధిపూర్వకముగా అవమానించుట 1971 నాటి చట్టము ప్రకారము మూడేండ్ల వరకు జైలుశిక్షకు గురియగు నేరము.

త్రాడు ఎవరి చేతిలో?

వ్రాతపూర్వకమైన నియమములకు తోడు ఇంకొక విషయమును చెప్పక తప్పదు. తెలంగాణమున పంచాయతీ పదవులలో సగము స్త్రీలకు కేటాయింపబడినవి. దళితులు, గిరిజనులు, వెనుకబడిన తరగతులవారు సర్పంచులుగా ఎన్నికగుచున్నారు. అయినను ఎన్నికైన భార్య ప్రక్కన నిలిచియుండగా భర్త త్రాడు లాగుటయు, దళిత సర్పంచి ఉండగా ఊరి పెద్ద ముందునకు వచ్చుటయు కొన్నిచోట్ల జరుగుచున్నది. ప్రజలు ఎన్నుకొన్న చేయి వేరు, త్రాడు పట్టిన చేయి వేరు కారాదు. సర్పంచికి జంకు ఉన్నచో ముందునాడు వార్డు సభ్యులు తోడుగా నిలిచి ఒకటి రెండుమార్లు అలవాటు చేయింపవలెను. ఆమె స్థానమును మాత్రము ఆక్రమింపరాదు.

కావున రాబోవు జెండా పండుగకు ముందు ప్రతి పంచాయతీ రెండు పనులు చేయవలెనని కోరుచున్నాము. పెట్టెలోని జెండాను వారము ముందుగా తీసి చిరుగులున్నవేమో చూడుడు. అట్లే ఉపన్యాసములోని మాటలను కూడ ముందుగా సరిచూచుకొనుడు. రంగులు ఎవరివని ఏ బాలుడైనను అడిగినచో, అన్నియు నీవేయని చెప్పుడు.