చప్పుడు చెప్పే సాక్ష్యం
పొగను చూచి నిప్పును ఊహించినట్లే, శబ్దాన్నిబట్టి యంత్రదోషాన్ని గుర్తించవచ్చు. పాత ఫోర్‌వీల్ డ్రైవ్ జీపులో క్లచ్చి వదలగానే వెనుకభాగాన 'టక్కు'మని మోగితే, అది తరచు సంధులలోని వదులుకు సంకేతం.

ముందుగా చదునైన నేలపై ఇంజను ఆపి, చక్రాలకు రెండువైపులా అడ్డుదిమ్మెలు పెట్టి, గేరును న్యూట్రల్‌లో ఉంచాలి. పిదప వెనుక ప్రొపెల్లర్ షాఫ్టును చేతితో అటూ ఇటూ త్రిప్పి చూడాలి. జాయింట్ క్రాస్ వద్ద వదులు కనిపిస్తే, దాని 4 కొనలలోని బేరింగులు అరిగినట్లే. అక్కడ తుప్పుపొడి రాలడం మరొక గుర్తు. క్రాస్ బిగువుగా ఉండి, చక్రం కదలకుండానే షాఫ్టు మరీ ఎక్కువగా తిరిగితే దోషం డిఫరెన్షియల్ పళ్ళలో ఉండవచ్చు. అక్కడ కొద్దిపాటి వదులు సహజమే.

ఉపేక్షిస్తే క్రాస్ విరిగి, షాఫ్టు ఊడి ప్రాణాపాయం కలుగవచ్చు. కారణం తెలియక భాగాలు మార్చడం రోగం తెలియక మందు వేయడమే.