బస్తా బరువు, మనిషి నడక

సంతలో ఎద్దును కొనబోవు రైతు మొదట దాని పండ్లు చూచును. తరువాత మూపురము తడిమి చూచును. బేరము కుదిరినను, దానిని పది బారలు నడిపించి చూడనిదే రొండిన ఉన్న రూపాయి బయటికి తీయడు. అడుగు సరిగా పడుచున్నదా, నడుము ఒక ప్రక్కకు ఒరుగుచున్నదా, వెనుకకాలు ఈడ్చుచున్నదా అని గొంతుకూర్చుండి మరీ పరిశీలించును. నడకను బట్టి పశువు నడుములోని దోషమును ఇంత చక్కగా కనిపెట్టగల రైతు తన నడకను మాత్రము ఒక్కనాడైనను పరిశీలించుకొనడు. ఇంటివారు "ఏమిటి, కుంటుచున్నావే" అన్నప్పుడు గాని ఆ సంగతి అతనికి తెలియదు. అప్పటికి చాల కాలము గడచిపోయి ఉండును.

ఖమ్మము నుండి సూర్యాపేటకు పోవు దారిలోనున్న కుసుమంచి ప్రాంతమున బరువు మోయుటలోని తీరులన్నియు ఒకే ఏడాదిలో కనబడును. పాలేరు జలాశయము, నాగార్జునసాగర్ ఎడమ కాలువ దగ్గరలో ఉన్నందున వరి పండును. కల్లములో ధాన్యము బస్తాలు వీపుమీదికి ఎక్కును. మెట్ట చేలలో మిరప, పత్తి. ఎండు మిరప బస్తాలు ఖమ్మము మార్కెట్టుకు పోవును. చేనికి మందు కొట్టు నెలలలో రైతు వీపున స్ప్రేయరు వ్రేలాడుచుండును. ఖమ్మము దాటి భద్రాచలము వైపు పోయినచో అడవి. అక్కడ తునికాకు కట్టలు, ఇప్పపువ్వు గంపలు, వెదురు, కట్టెల మోపులు తలమీదను భుజముమీదను నడచి వచ్చును. కుసుమంచిలో కాకతీయుల కాలపు గణపేశ్వరాలయము కలదు. అంత పెద్ద రాళ్లను పైకెత్తిన రాజుల కీర్తి నిలిచినది గాని, ఎత్తినవారి నడుములు తరువాత ఏమైనవో ఎవరును శాసనము వేయించలేదు.

ధాన్యము కాటా వేయుచోట ముప్పది ఏండ్లుగా హమాలీ పని చేయుచున్న పెద్దమనిషి ఒకరు ఇట్లనిరి: "నడుము సంగతి అడుగకుండ్రి సారూ. బస్తా దించినంక గూడ బస్తా మీదున్నట్టే నడుస్త." ఇంతకంటె చక్కగా ఈ విషయమును వైద్యుడైనను చెప్పలేడు.

ఏతము నేర్పిన లెక్క

పాతతరము రైతులకు ఏతము తెలియును. ఏతపు మ్రానుమీద ఎక్కిన మనిషి ఇరుసుకు దగ్గరగా నిలిచినచో నీటి బాన లేవదు. ఇరుసు నుండి దూరముగా అడుగులు వేసిన కొలదియు అదే మనిషి బరువుకు బాన సులువుగా లేచును. మన నడుము కూడ ఒక ఏతమే. నడుము దిగువనున్న వెన్నుపూస ఇరుసు. చేతులలోని బస్తా నీటి బాన. వీపు కండరములు మ్రానుమీది మనిషి. అయితే ఈ మనిషి ఇరుసుకు సుమారు 5 సెంటీమీటర్ల దూరములోనే నిలువగలడు. అంతకు మించి వెనుకకు పోవుటకు దేహములో చోటు లేదు.

లెక్క వేసి చూడుడు. రైతు నడుము వంచి, చేతులు చాచి, ఇరుసు నుండి 50 సెంటీమీటర్ల దూరముననున్న 40 కిలోల బస్తాను లేపుచున్నాడనుకొందము. బస్తా దూరము కండరము దూరమునకు పదింతలు. కనుక కండరము 40కి పదింతలు, అనగా 400 కిలోల బలముతో లాగవలెను. ముందుకు వంగిన మొండెము బరువు దీనికి అదనము. ఆ లాగుడంతయు వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్లల మీద నొక్కుడై పడును. అదే బస్తాను దేహమునకు దగ్గరగా, 25 సెంటీమీటర్లకు తెచ్చుకొన్నచో 200 కిలోలు చాలును. బస్తా బరువు గింజంతయు తగ్గలేదు, నడుముమీది భారము మాత్రము సగమైనది. పైగా వంగి ఉన్నప్పుడే ప్రక్కకు తిరిగి బస్తా విసరుట అన్నింటికంటె చెడ్డది. వంపు, మెలి ఒకేసారి పడినప్పుడు బిళ్ల అంచులు చిట్లుటకు అవకాశము ఎక్కువ.

అమెరికా ప్రభుత్వ వృత్తి ఆరోగ్య సంస్థ 1991లో సవరించిన సూత్రము ప్రకారము అన్నియు అనుకూలముగా ఉన్నప్పుడు, అనగా బరువు దేహమునకు దగ్గరగా, నడుము ఎత్తులో, పట్టు దొరకునట్లు ఉన్నప్పుడు, ఒకరు ఎత్తదగినది 23 కిలోలు. నేలమీద ఉన్నను, దూరముగా ఉన్నను, మాటిమాటికి ఎత్తవలసి వచ్చినను అది ఇంకను తగ్గును. మన కల్లములో ఈ లెక్కకు నిలుచు బస్తా ఒక్కటియు లేదు.

బరువులెత్తు క్రీడాకారుల నడుము ఎందుకు విరుగదు?

ఈ ప్రశ్న గ్రామములలో యువకులు తరచు అడుగుదురు. అడుగదగినదే. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరము సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతిలో పోటీ చేసి, ఒక పద్ధతిలో 110 కిలోలు, మరొక పద్ధతిలో 130 కిలోలు, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచినది. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారత మహిళ ఆమెయే. తన బరువుకు రమారమి రెట్టింపు ఎత్తినది. మన హమాలీ మోయు బస్తా దానిలో మూడవ వంతు కూడ కాదు. మరి తేడా ఎక్కడ?

మొదటిది, ఆ ఇనుప కడ్డీ కాళ్లకు, తొడలకు దాదాపు ఒరుసుకొనుచు పైకి వచ్చును. ఇరుసుకు దగ్గరగా ఉండును. వీపు బల్లవలె చదునుగా నిలిచి, లేపు పని తుంటి, తొడల కండరములు చేయును. రెండవది, పట్టుకొనుటకు కడ్డీ ఉన్నది. గోనెసంచికి పట్టు లేదు, లోపలి గింజ జారి బరువు ఒక ప్రక్కకు పోవును. మూడవది, నా దృష్టిలో ముఖ్యమైనది, క్రీడాకారులు ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా బరువు పెంచుకొందురు. ఎత్తిన తరువాత విశ్రాంతి, తగిన తిండి ఉండును. కండరమును బలపరచునది బరువొక్కటే కాదు. బరువు తరువాత దొరకు విశ్రాంతియు, పప్పు, పాలు, గ్రుడ్లవంటి ఆహారమును కలిసి బలపరచును. బస్తాకింత అని కూలి లెక్కకట్టు చోట విశ్రాంతి తీసుకొన్నవానికి కూలి తగ్గును. అందువలన అతడు అలసిన కండరముతోనే నూరవ బస్తా ఎత్తును. నడుము పట్టునది తరచు ఆ సమయముననే.

క్రమముగా, పద్ధతిగా ఎత్తు బరువు నడకను చెడగొట్టదు సరికదా, బాగుచేయును. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో తొంబది ఏండ్ల వయసువారు పదిమందితో ఎనిమిది వారములు కాళ్లకు బరువుల సాధన చేయించిరి. సాధన పూర్తిచేసినవారి కాలి బలము సగటున 174 శాతము పెరిగినది. ఒక పాదము వెంట మరొక పాదము వేసి నడచు వేగము 48 శాతము పెరిగినది. కనుక వృద్ధులను "నీవు ఏమియు ఎత్తవద్దు, మంచముమీద కూర్చుండు" అనుట ప్రేమయే గాని మేలు కాదు.

తల, భుజము, వీపు

బరువు ఎక్కడ ఉన్నదో దానిని బట్టి నడక మారును. తలమీది మోపుతో వచ్చు స్త్రీ నడకను చూడుడు. వెన్ను నిటారుగా, మెడ కదలక, అడుగులు చిన్నవిగా, వేగముగా పడును. రెండు పాదములును ఒకేసారి నేలమీద ఆని ఉండు సమయము పెరుగును. చూపరులకు అందముగా ఉండును. కెన్యా దేశపు స్త్రీలపై 1986లో ప్రచురితమైన పరిశోధనలో, తమ బరువులో అయిదవ వంతు వరకు తలమీద మోసినను వారికి అదనపు శక్తి ఖర్చు కాలేదని తేలినది. తరువాత ఇతర చోట్ల చూచినప్పుడు అందరియందును అట్లు కనబడలేదు. అయినను అయిదవ వంతన్న మాట గుర్తుంచుకొనదగినది. 50 కిలోల స్త్రీకి అది 10 కిలోలు. అడవి నుండి వచ్చు పచ్చికట్టెల మోపు సాధారణముగా దానికి ఎంతో ఎక్కువే ఉండును. ఆ అదనపు భారమంతయు మెడపూసలు భరించవలెను. చుట్టకుదురు వత్తిడిని నెత్తిమీద పరచునే గాని మెడమీది బరువును తగ్గించదు.

ఒక భుజముమీద మోయువాడు రెండవ ప్రక్కకు ఒరిగి నడచును. ఎల్లప్పుడు అదే భుజమున మోసినచో ఆ ప్రక్క కండరములు బిగిసి, దించిన తరువాత కూడ ఆ ఒరుగుడు కొంత మిగులును. దాపటి ఎద్దును ఏండ్లపాటు దాపటనే కట్టి, ఒకనాడు వలపట కట్టిన ఎట్లు తడబడునో తెలిసినదే. భుజము మార్చుకొనుచు మోయవలెను. ఈ విషయములో కావడి మన పెద్దల తెలివి. బరువు రెండు ప్రక్కలకు సమముగా పంచబడును. బద్ద అడుగుకు తగినట్లు ఊగుటచే భుజముమీద పడు పోటు తగ్గును. ఇప్పుడు కావడి దేవుని ఉత్సవములలో తప్ప కానరాదు. అడవి పల్లెలలో నీటికి, గడ్డికి దానిని మరల వాడిన తప్పేమి?

వీపున బస్తా ఉన్నవాడు ముందుకు వంగి, మోకాళ్లు కొంచెము మడిచి, పాదములు ఎడముగా వేసి నడచును. పడకుండ ఉండుటకు దేహము చేయు ఉపాయమది. ఉపాయము అలవాటగును. తుంటి ముందుభాగపు కండరములు కురుచబారి, వీపు బిగిసి, కొందరియందు ఆ వంగుడు నిలిచిపోవును.

స్ప్రేయరు సంగతి వేరుగా చెప్పవలెను. 16 లీటర్ల ట్యాంకు నిండినప్పుడు నీరే 16 కిలోలు, యంత్రము బరువు అదనము. అది వీపునంటి ఉన్నంతవరకు మంచిదే. పట్టీలు వదులైనచో వెనుకకు లాగును, దానిని సరిచేయుటకు రైతు మెడ ముందుకు చాచి నడచును. ఒక పట్టీ తెగినచో రెండవ దానితోనే కానిచ్చువారు ఎందరో ఉన్నారు. తెగిన పట్టీ కుట్టించుటకు పట్టు సమయము నడుము కుట్టించుటకు పట్టు సమయము కంటె తక్కువ. ట్యాంకు గట్టుమీద పెట్టి నింపి, అక్కడినుండే తగిలించుకొనవలెను. నేలమీద నుండి లేపి మెలి తిరుగుచు వేసికొనరాదు.

బస్తా తగ్గినది, ఇంకను తగ్గవలెను

పాత లెక్కలో ధాన్యము బస్తా అనగా 75 కిలోలు. చాల చోట్ల దిగుబడిని నేటికిని ఆ లెక్కనే చెప్పుదురు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారము పురుషుడు మామూలుగా మోయు బరువు 55 కిలోలకు మించి ఉన్నచో దానిని త్వరగా తగ్గించవలెను. స్త్రీలకు, 18 ఏండ్ల లోపువారికి ఇంతకంటె బాగుగా తక్కువ ఉండవలెను. 2025 వరకు అమలులోనుండిన మన 1948 ఫ్యాక్టరీల చట్టము 34వ సెక్షను గాయము కలిగించగల బరువును ఎవరిచేతను మోయించరాదని చెప్పినది. అయితే అది ఫ్యాక్టరీలకే గాని కల్లమునకు రాలేదు. నేడు కొనుగోలు కేంద్రములలో ధాన్యము 40 కిలోల బస్తాలలో నింపుచున్నారు. యూరియా బస్తా 2018 నుండి 45 కిలోలైనది.

బస్తా చిన్నదైన కొలది ఎత్తవలసిన మారులు పెరుగునని హమాలీలు అనుమాన పడుదురు. నిజమే. మూడు క్వింటాళ్లకు పాత బస్తాలు నాలుగు చాలును, 40 కిలోలవి ఏడున్నర. కాని ఒక్క పెట్టున పడు అధికభారమే బిళ్లను చీల్చునది గనుక చిన్న బస్తాయే మేలు. కూలిని బస్తాకు గాక క్వింటాలుకు కట్టినచో హమాలీకి నష్టము ఉండదు, తొందరయు తగ్గును. ఈ మార్పు గ్రామములోనే చేసికొనవచ్చును.

నొప్పి, ప్రమాదపు గుర్తులు

పట్టిన నడుము చాలవరకు కొన్ని వారములలో దానంతట అదే తగ్గును. అంతకాలమును మంచము పట్టియుండుట మంచిది కాదు. బరువు మాని, తిరుగగలిగినంత తిరుగుచుండవలెను. నొప్పి పిరుదునుండి కాలి వెంట పాదము వరకు దిగుచున్నచో నరము నొక్కుకొన్నదని అనుమానించి వైద్యునికి చూపవలెను. పాదము పైకి లేవక నేలకు రాచుకొనుచున్నను, మలమూత్రములు ఆగిపోయినను, తెలియకుండ పోవుచున్నను, కూర్చుండు భాగమున తిమ్మిరి కలిగినను ఒక్క రాత్రి కూడ ఆగక పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఇట్టి సమయమున నడుము త్రొక్కించుట, పట్టు వేయించుట అను పనులు పెట్టుకొనరాదు. ఆలస్యమైన కాలు తిరిగి రాకపోవచ్చును.

నడక మారినదో లేదో తెలిసికొనుటకు ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉన్నది. పాత చెప్పుల జత తిరుగవేసి చూడుడు. రెండు మడమలును సమముగా అరిగినవా, ఒకటి ఎక్కువ అరిగినదా? అరుగుదలలో పెద్ద తేడా ఉన్నచో భుజము మార్చుటయో, వైద్యునికి చూపించుకొనుటయో చేయవలెను.

గ్రామాధికారులు కొనుగోలు కేంద్రమునకు స్థలము చూచునప్పుడు చేయదగినది ఒకటి కలదు. కాటా వేసిన బస్తాలను నేలమీద పేర్చక, నడుము ఎత్తున మట్టితోనో రాతితోనో గట్టు కట్టించి దానిమీద పేర్పించుడు. అప్పుడు హమాలీ వంగక నిలుచుండి బస్తాను వీపుమీదికి తీసికొనగలడు. లారీకి వేయు పలక నిటారుగా గాక పొడుగ్గా, వాలుగా ఉండవలెను. నేలమీది బస్తాను లేపక తప్పనప్పుడు ఇద్దరు చెరియొక ప్రక్క కూర్చుండి, గోనె చెవులు పట్టుకొని, వీపు చదునుగా ఉంచి, ఒక్క మాటమీద లేపవలెను. గట్టుకు పట్టునది రెండు ట్రాక్టర్ల మట్టి, ఒక పూట పని. కోతలు మొదలగుటకు వారము ముందు కట్టించినచో మట్టి గట్టిపడి సీజను పొడుగునను నిలుచును.