తొందర లేని ప్రయాణానికి ఖర్చు తక్కువ

విదేశయానమనగానే మన మధ్యతరగతి కుటుంబాలలో రెండు చిత్రాలే మనసులో మెదులుతాయి. ఒకటి, అమెరికాలోని పిల్లల ఇంట ఆరు మాసాలు గడిపి రావడం. రెండవది, ట్రావెల్స్ వారి వెంట పది రోజులలో ఏడు దేశాలు చుట్టి, ఏ చర్చి ఏ ఊరిదో జ్ఞాపకం లేని ఫోటోలతో ఇల్లు చేరడం. ఈ రెండూ కాక మూడవ మార్గం ఒకటి ఉన్నది. ఏటా రెండు మూడు మాసాలు ఏదో ఒక దేశంలో సామాన్య జీవనం గడుపుతూ, క్రమంగా ప్రపంచాన్ని చూడడం. ఇది ధనవంతులకే చెల్లునన్న నమ్మకం మనలో బలంగా ఉన్నది. లెక్క వేసి చూస్తే ఆ నమ్మకం నిలవదు.

కొచ్చిలో శ్రీ బాలాజీ కాఫీ హౌస్ అనే చిన్న టీ కొట్టు నడిపిన విజయన్, మోహన దంపతుల కథ పత్రికలలో చాలామంది చదివే ఉంటారు. పనివారిని పెట్టుకోక, తామే వండి వడ్డించి, రోజుకు మూడు వందల రూపాయలు పక్కన పెట్టేవారు. చాలని సొమ్ముకు అప్పు చేసేవారు. తిరిగివచ్చి, టీ అమ్మి ఆ అప్పు తీర్చి, మరల బయలుదేరేవారు. 2007లో మొదలైన వారి విదేశ ప్రయాణాలు 26 దేశాల వరకు సాగాయి. 2021 అక్టోబరులో రష్యా చూసి వచ్చారు. మరుసటి నెలలో విజయన్ కన్నుమూశారు. అప్పు చేసి ఊళ్ళు తిరగడమేమిటని మన పెద్దలు మందలిస్తారు. నాకూ ఆ పద్ధతి పూర్తిగా సమ్మతం కాదు. కాని టీ కొట్టు ఆదాయంతో వారు చేసిన పని, నెలనెలా జీతం అందుకునే మనం ఎందుకు చేయలేకపోతున్నామన్నది ఆలోచించవలసిన విషయం.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఏ కర్మాగారంలోనైనా స్థిర వ్యయం, ఉత్పత్తిని బట్టి మారే చర వ్యయం వేరువేరు. ప్రయాణంలో విమానం ఛార్జీ, వీసా రుసుము, బీమాలో కొంత భాగం స్థిర వ్యయమే. దంపతులిద్దరికి ఇవన్నీ కలిపి 1,80,000 రూపాయలనుకుందాం. పది రోజుల యాత్రలో ఆ పద్దు కిందనే రోజుకు 18,000 పడుతుంది. అదే తొంభై రోజులుంటే 2,000. బీమా కొంత పెరిగినా ఈ తేడా చెరగదు. ఇక చర వ్యయం సంగతి. రోజుకొక ఊరు మారేవారు రోజువారీ అద్దె, రోజువారీ రైలు టికెట్టు, మూడు పూటలా హోటలు భోజనం భరించాలి. ఒకే ఊళ్ళో నెల గడిపేవారికి గది నెల అద్దెకు దొరుకుతుంది, బస్సుకు నెల పాసు ఉంటుంది, బజారులో కూరలు కొని వండుకోవచ్చు. ఈ మాట ఇంట్లో చెప్పినప్పుడు, "అక్కడికి వచ్చి కూడా నేను వండాలా?" అని మా శ్రీమతి అడిగింది. న్యాయమైన ప్రశ్న. అందువల్ల గత సంవత్సరం నుండి ఆదివారం వంట నాది. పప్పు, చారు వరకు వచ్చాయి.

దారిలో పని చేసుకుంటూ లోకం చుట్టినవారు కూడా ఉన్నారు. 1926 డిసెంబరులో ముగ్గురు మిత్రులతో కలకత్తా నుండి సైకిలుపై బయలుదేరిన బిమల్ ముఖర్జీ 1937లో గాని తిరిగిరాలేదు. నావికుడుగా, ఫోటోగ్రాఫరుగా, ఇంకా దొరికిన పనులు చేసి దారిఖర్చులు సంపాదించుకున్నాడు. ఆ సాహసం నమస్కరించదగినదే గాని నేడు అనుకరించదగినది కాదు. పర్యాటక వీసాపై పనికి కుదరడం దాదాపు అన్ని దేశాలలోనూ నేరమే.

దీర్ఘయాత్ర మన తెలుగువారికి కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉద్యోగం చేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. వెంట పెద్ద పరివారం ఉన్నది గనుక పొదుపుకు ఆయన ఉదాహరణ కాడు. కాని దారిలోని మజిలీలు, బసలు, దొరికే సరుకుల వివరాలు ఓపికగా వ్రాసిపెట్టిన పద్ధతి నేటి యాత్రికులకూ ఆదర్శమే.

మన సమస్య ధనం ఒక్కటే కాదు. మనలో చాలామందికి పదవీ విరమణ తరువాత ప్రభుత్వోద్యోగులవలె నిండు పింఛను ఉండదు. ఇ.పి.ఎస్. పింఛను స్వల్పం. ప్రావిడెంట్ ఫండ్, గ్రాట్యుటీలతో పాతికేళ్ళు గడవాలి. కనుక నేను విధించుకున్న నియమం ఒకటే. మూలధనాన్ని ముట్టరాదు, వడ్డీలో కొంత తిరిగి మదుపు చేయగా మిగిలినదానితోనే ప్రయాణం. సొంత ఇల్లు ఉన్నవారు ఒక వాటా అద్దెకిస్తే యాత్రా నిధికి ఊతం. ఇల్లు కనిపెట్టుకొని ఉండే మనుషులూ దొరుకుతారు. బీమా విషయంలో మాత్రం పిసినారితనం కూడదు. ఐరోపాలోని షెంగెన్ దేశాలకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా లేనిదే వీసా ఇవ్వరు. మధుమేహం, రక్తపోటు ఉన్నవారు షరతులు ఆసాంతం చదవాలి. ఆ దేశాలన్నిటిలో కలిపి 180 రోజులలో 90 రోజులకు మించి ఉండరాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పింఛనుదారులకు మరొక మాట. ఇ.పి.ఎస్. వారు జీవన ప్రమాణ పత్రం సంవత్సరంలో ఎప్పుడైనా ఇవ్వవచ్చు, ఇచ్చిన నాటి నుండి ఏడాది చెల్లుతుంది. బయలుదేరే ముందే ఆ పని ముగించుకుంటే పరాయి దేశంలో దిగులుండదు.

మొదటిసారి నేపాలుకు వెళ్ళడం మేలని నా అభిప్రాయం. మనకు వీసా అక్కరలేదు. మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలన్న మారకం 1993 నుండి మారలేదు. పక్కనున్న భూటానులో భారతీయులు మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము 2022 నుండి చెల్లించాలి. కనుక అక్కడ నెలల తరబడి ఉండడం మనకు పొసగదు.

మా ఇంట ఒక సమస్య మిగిలి ఉన్నది. మా అమ్మగారికి ఎనభై నాలుగేళ్ళు. తమ్ముడు, మరదలు రెండు మాసాలు తమ దగ్గర ఉంచుకుంటామన్నారు. అంతకు మించి వారిని అడగలేను. కనుక మా యాత్ర రెండు మాసాలకే పరిమితం. సెలవుల సంగతి కూడా ఇంట్లో చాలాసార్లు చర్చించాం. కూడబెట్టిన ఆర్జిత సెలవును విరమణనాడు సొమ్ము చేసుకుంటే లాభమే. కాని అప్పటికి నా మోకాళ్ళు, అమ్మ ఆరోగ్యం ఎలా ఉంటాయో ఏ ఖాతాలోనూ వ్రాసి లేదు. అందుచేత అరవై రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టాను. మా విభాగాధిపతి సంతకం చేస్తూ, "పొఖరాలో గది అద్దె ఎంతో వచ్చాక చెప్పవయ్యా" అన్నారు.