మీకు తెలుసా? ఉప్పుగాలికి జంకని పొట్టి యుక్కా!

విశాఖ బీచ్ రోడ్డు పక్కన ఇల్లుంటే ఇనుప గేటుకు తుప్పు తప్పదు! కానీ అదే గాలిలో యుక్కా అనే మొక్క నిక్షేపంగా పెరుగుతుంది! ఎలాగంటారా? యుక్కాల్లో 40కి పైగా జాతులున్నాయి. వాటిలో గ్లోరియోసా, అలోయిఫోలియా అనే రకాల పుట్టిల్లే సముద్రపు ఇసుక దిబ్బలు! అమెరికా తూర్పు తీరంలో ఉప్పునీటి తుంపర్ల మధ్యే పెరిగాయి. మన రామకృష్ణా బీచ్ గాలి వాటికి ఓ లెక్కా!

ఇంకో వింత వినండి! అలోయిఫోలియా పగలు ఆకుల రంధ్రాలు మూసుకుంటుంది. చీకటి పడ్డాకే తెరిచి గాలి పీలుస్తుంది! ఎండలో నీరు ఆవిరైపోకుండా ఎంత జాగ్రత్తో చూడండి! గ్లోరియోసా 2 జాతుల బిడ్డ. తల్లిదండ్రుల్లో ఒకటి ఈ రాత్రి మొక్క. రెండోది ఫిలమెంటోసా, అది మాత్రం పగలే గాలి పీలుస్తుంది!

ఉప్పుగాలికి జంకని, కుండీకి తగిన పొట్టి రకం ఈ ఫిలమెంటోసాయే! ఆకుల గుత్తి మోకాలు దాటి కాస్త పైకి వస్తుంది, అంతే. కానీ పూతకు వచ్చిందా, నడిమి నుంచి కాడ లేస్తుంది చూడండి... 6 అడుగులు! కాడ నిండా తలలు వంచుకున్న తెల్లటి పూలు!

అన్ని పూలు పూసినా మన దగ్గర దానికి కాయ పట్టదు! ఎందుకో తెలుసా? దాని పెళ్లిపెద్ద ఇక్కడ లేదు! అమెరికాలో ఓ చిన్న తెల్ల రెక్కల పురుగు రాత్రిపూట వస్తుంది. ఆడ పురుగు పుప్పొడిని పోగుచేసి, ఉండ చుట్టి, గడ్డం కింద పెట్టుకుంటుంది! మరో పువ్వుకు ఎగిరి వెళ్లి, అండాశయంలో గుడ్లు పెడుతుంది. తర్వాత కీలాగ్రం మీద పుప్పొడిని తనే అద్దుతుంది! పొరపాటున అంటడం కాదు, కావాలనే! పిల్ల పురుగులు కొన్ని గింజలు తిని మిగతావి వదిలేస్తాయి. ఈ ఒప్పందం వయసు దాదాపు 4 కోట్ల ఏళ్లు!

ఈ సంగతి డార్విన్‌ను కూడా అబ్బురపరిచింది! 1874లో మిత్రుడు హుకర్‌కు రాసిన ఉత్తరంలో దీన్ని తెగ మెచ్చుకున్నాడు!

ఆ పురుగు బంధువు ఒకటుంది. దాని కథ ఇంకా విడ్డూరం! యుక్కా కాయల్లో నిద్రపోయిన దాని పిల్ల పురుగులు కొన్ని ఎన్నేళ్లకు రెక్కలతో బయటికొచ్చాయో తెలుసా? 30 ఏళ్లకు!

మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌కు యుక్కా పువ్వే జాతీయ పుష్పం! 1995 నుంచి ఆ హోదా. అంతటితో ఆగలేదు, అక్కడివాళ్లు ఆ పూలను గుడ్లతో కలిపి వండుకుంటారు!

ఇప్పుడు మన ఊరి రహస్యం! విశాఖ రేవులో ఓడెక్కే రొయ్యకూ యుక్కాకూ చుట్టరికం ఉంది! చెరువులో అమ్మోనియా తగ్గించడానికి రొయ్యల రైతులు వాడే వాటిలో యుక్కా సారం ఒకటి. అది దాదాపు 14 వేల కిలోమీటర్ల దూరంలో, మెక్సికో, అమెరికా ఎడారుల్లో పెరిగే షిడిజెరా అనే జాతి నుంచి తీసింది! అందులోని నురగనిచ్చే సపోనిన్లు మన కుంకుడుకాయలోనూ ఉన్నవే! అక్కడి ఆదివాసులు యుక్కా వేరుతో తలంటుకునేవారు! పిల్లీ కుక్కా ఉన్న ఇంట్లో మాత్రం జాగ్రత్త, ఆకు నమిలితే వాటికి పడదు.

యుక్కాను చంపేది ఎండ కాదు, మన ప్రేమ! రోజూ నీళ్లు పోశామా, వేరు కుళ్లిపోతుంది! విశాఖలో ఏటా దాదాపు 1,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అందుకే సగం మట్టి, సగం గరుకు ఇసుక కలపండి. కుండీకి అడుగున చిల్లు తప్పనిసరి. మట్టి పూర్తిగా ఎండాకే నీళ్లు. ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి జరపండి.

పూసిన గుత్తి తర్వాత వాడిపోతుంది. బెంగ వద్దు! పక్కనుంచి పిలకలు వస్తాయి! జానెడు పెరిగాక వేరుతో సహా కోసి, 2 రోజులు నీడలో ఆరనిచ్చి నాటండి. గింజ లేకుండానే కొత్త మొక్క!

కొనేముందు ఒక్క మాట! కుండీలో పొట్టిగా ఉన్నదల్లా పొట్టి రకం కాదు! ఎలిఫాంటిపీస్ అనే రకం చిన్నప్పుడు బుజ్జిగానే ఉంటుంది. నేలలో నాటితే 30 అడుగుల చెట్టు! కడియం నర్సరీల నుంచి తెచ్చినా, గాజువాకలో కొన్నా, రకం పేరు అడిగి మరీ తీసుకోండి. ఆకు మొనలు గుచ్చుకుంటాయి, పిల్లలు ఆడే చోట పెట్టకండి. పిలకలు వచ్చాక ఒకటి పక్కింటికీ ఇవ్వండి!