ఇంద్రజాల్ కామిక్స్ పోగుచేసిన రోజులు



ఈ పూట పిల్లల బొమ్మల కథల గురించి, అందులోనూ మన సరిహద్దు పల్లెల్లో చేతులు మారి మారి తిరిగిన ఇంద్రజాల్ కామిక్స్ గురించి ముచ్చటించుకుందాం. పావగడ, మడకశిర, హిందూపురం వైపు ఇప్పుడు నలభై దాటినవాళ్లలో చాలామందికి ఆ పేరు వింటూనే ఊదారంగు దుస్తులు, నల్ల ముసుగు, పుర్రె బొమ్మ ఉంగరం కళ్లముందు కదులుతాయి.

ఆ కథలు మన దేశంలో పుట్టినవి కావు. అమెరికాలో లీ ఫాక్ అనే రచయిత దినపత్రికల కోసం 1934లో మాండ్రేక్ అనే ఇంద్రజాలికుణ్ణి, 1936లో ఫాంటమ్‌ను సృష్టించాడు. సూపర్‌మాన్ వచ్చింది 1938లో. అంటే ఫాంటమ్ అతనికి అన్న వరుస అన్నమాట. ఈ అన్నకు గాలిలో ఎగరడం రాదు. తూటా తగిలితే రక్తం కారుతుంది. తండ్రి పోతే కొడుకు అదే ముసుగు వేసుకుంటాడు గనుక, అడవి జనం మాత్రం అతనికి చావే లేదనుకుంటారు. మనం చదివింది ఆ వంశంలో 21వ వాడి కథలు. ఎగరలేని మనిషి గనుకనే మాకు అంత నమ్మకం కుదిరిందేమో!

1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఈ కథలను పుస్తకాలుగా వేయడం మొదలుపెట్టింది. మొదట్లో వెల 60 పైసలు. మొదటి 32 సంచికలూ ఫాంటమ్‌వే. తర్వాత మాండ్రేక్, ఫ్లాష్ గోర్డన్ వంటివాళ్లు వచ్చి చేరారు. ఇంగ్లీషులోనే కాక హిందీ, కన్నడం మొదలైన మన భాషల్లోనూ వచ్చాయి.

తిరిగి అచ్చువేయడమంటే ఉన్నదాన్ని ఉన్నట్టు దించడం కాదు. దినపత్రికలో రోజుకు మూడు నాలుగు బొమ్మలే వస్తాయి. ఒక కథ నెలల తరబడి సాగుతుంది. నిన్న ఏం జరిగిందో గుర్తుచేసే బొమ్మ ఒకటి పదే పదే వస్తుంటుంది. పుస్తకంలో దానితో పని లేదు. అలాంటివి తీసేసి, మిగిలినవాటిని కత్తిరించి, పేజీకి సరిపడా పేర్చి, నలుపు తెలుపు బొమ్మకు రంగులద్దాలి. కొన్ని కథల్లో ఉన్నట్టుండి గొలుసు తెగినట్టు అనిపించేది ఈ కత్తెర వల్లనే.

పేర్లకూ కత్తెర పడింది. ఫాంటమ్ ఉండే దేశం పేరు అసలు కథలో బెంగాల్ అన్నట్టే వినిపిస్తుంది. మనవాళ్లు దాన్ని డెంకాలి చేశారు. సముద్రపు దొంగల ముఠా పేరు సింగ్. ఇక్కడ అది సింగా అయింది. ఫాంటమ్ తండ్రిని చంపిన దుర్మార్గుడి పేరు రామా. ఆ పేరు మన ఇళ్లలో చెల్లుతుందా? వాణ్ణి రామాలు అన్నారు. వినడానికి అచ్చం మన పక్క ఊరి మనిషి పేరులా లేదూ! మా అబ్బకు ఆ కథ చదివి వినిపిస్తే, "ఆ రామాలు ఏ ఊరోడురా?" అని అడిగాడు.

అనువాదంలో ఇంకో చిక్కుంది. బొమ్మలో మాటలు రాసే బుడగ ఇంగ్లీషు పెద్దక్షరాలకు కొలిచి గీసినది. ఆ అక్షరాలన్నీ ఒకే ఎత్తు. మన తెలుగుకైనా, కన్నడానికైనా కింద ఒత్తులు వేలాడతాయి, పైన గుడులు లేస్తాయి. రెండు వరుసల మధ్య జాగా ఎక్కువ కావాలి. బుడగ పెరగదు కాబట్టి మాట తగ్గాలి. అందుకే కన్నడ పుస్తకంలో ఫాంటమ్ ఇంగ్లీషు ఫాంటమ్ కంటే తక్కువ మాట్లాడేవాడు. అదీ ఒకందుకు మంచిదే, వీరుడికి ఎక్కువ మాటలు నప్పవు.

పావగడ తాలూకా కర్ణాటకలోదే అయినా మూడు వైపులా ఆంధ్ర నేల. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పరీక్షలో భయపెట్టే ఇంగ్లీషు. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లే. మన తలకట్టు టిక్కు పెట్టినట్టుంటే, వాళ్లది అడ్డంగా సాగుతుంది. ఆ తేడా పట్టుబడితే సగం దారి నడిచినట్టే. ఇంగ్లీషుకు అలాంటి మెట్టు లేదు. అక్కడ ఆదుకున్నవి బొమ్మలు. గుర్రం దూకుతుంటే పక్కనున్న మాటకు అర్థం నిఘంటువు లేకుండానే తెలిసేది. నేను బి.ఇడి.లో చదివిన బోధనా పద్ధతుల్లో ఇంతకంటే సులువైనది కనబడలేదు.

పోగుచేయడం మాత్రం సులువు కాదు. కొత్తది కొనే స్తోమత ఎవరికుంది? హిందూపురం వెళ్లినవాళ్లనో, బెంగళూరు అవెన్యూ రోడ్డు పాత పుస్తకాల వైపు పోయే చిన్నాయననో బతిమాలాలి. లేదంటే గుజరీ అంగడి. బుడ్డలు పొట్లం కట్టడానికి చించకముందే అందుకోవాలి. ఒక మాండ్రేక్‌కు రెండు ఫాంటమ్‌లు ఇవ్వాలా, ఒకటి చాలా అన్న దానిమీద మా వీధిలో మాటలు మానుకున్న స్నేహితులున్నారు. అట్ట లేని పుస్తకానికి సగం విలువ. చివరి పేజీ లేనిదానికి అసలు విలువే లేదు. అయినా దాన్నీ దాచేవాళ్లం, ముగింపు మనమే చెప్పుకోవచ్చని.

ఇప్పుడు ఉపాధ్యాయుడిగా చదివితే ఒకటి గుచ్చుకుంటుంది. ఆ అడవి జనానికి న్యాయం చెప్పడానికి 400 ఏళ్లుగా ఒక తెల్లవాళ్ల కుటుంబమే కావలసివచ్చిందా? ఫాక్ తర్వాతి కథల్లో లువాగా అనే నల్లజాతి అధ్యక్షుణ్ణి తెచ్చి కొంత సర్దుకున్నాడు. మనవైపు నుంచి జవాబు 1976 డిసెంబరులో వచ్చింది. ఆబిద్ సూర్తి రాసిన బహదూర్ ఒక బందిపోటు కొడుకు. ఊరివాళ్లను కూడగట్టి బందిపోట్లను ఎదిరిస్తాడు. మా తరగతిలో ఈ రెండు కథలూ పక్కపక్కన పెట్టి చదివిస్తాను. పిల్లలు నాకంటే గట్టి ప్రశ్నలు వేస్తారు.

ఇంద్రజాల్ తొలి రోజుల్లో అక్కడ పనిచేసిన అనంత్ పై మన కార్కళ మనిషే. 1967లో అమర చిత్ర కథకు నడుం కట్టినది ఆయనే. ఆ వరుసలో కృష్ణుడి కథకు సంఖ్య 11. ముందరి పది సంఖ్యలూ పాశ్చాత్య కథలవి.

ఇంద్రజాల్ 1990లో ఆగిపోయింది. అప్పటికి 800కు పైగా సంచికలు వచ్చాయి. వేలకొద్దీ అచ్చయినవి ఇప్పుడెందుకు అపురూపమయ్యాయంటే, కారణం కాగితమే. చౌక కాగితం కొయ్యగుజ్జుతో చేస్తారు. అందులోని లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు, గాలికి పసుపుబారుతుంది. కాగితంలో పులుపు పెరిగి అప్పడంలా విరుగుతుంది. మన ఎండలు దానికి తోడు. మిగిలినవాటిని సున్నాలు వేసే పండుగ రోజుల్లో కిలోల లెక్కన తూచేశారు. మా ఇంటి మూట కూడా అలాగే వెళ్లింది. ఏడో తరగతి పరీక్షల నుంచి వచ్చేసరికి అటకమీద మూట లేదు, జేజి చేతిలో కొత్త స్టీలు గిన్నె ఉంది.

మీ అటకమీద ఇంకా ఏవైనా ఉంటే నిలబెట్టకండి, పడుకోబెట్టండి. తుప్పుపట్టిన పిన్నులు మెల్లగా తీసి నూలుదారంతో కుట్టండి. చినిగినచోట సెలోటేపు అంటించవద్దు, దాని జిగురు మరక ఇక పోదు. ఎండ, చెమ్మ తగలని పెట్టెలో పెట్టి, చెదలు, వెండిచేపలు చేరకుండా రెండు మూడు నెలలకొకసారి తెరిచి చూడండి. గుజరీకి వేయాలనుకుంటే ముందు దగ్గరి బడిలో అడగండి. మా బడి అలమరలో ఇప్పుడు 37 ఉన్నాయి. అట్టలు లేనివి 9.