సమాచారాన్ని మోసుకొచ్చే బండి

బౌషర్ నుంచి పడమటికి బయలుదేరి బర్కా చేరితే బాతినా తీరపు ఖర్జూర తోటలు ఎదురవుతాయి. బావుల నీటిని ఏళ్ళ తరబడి అతిగా తోడినందువల్ల అక్కడ సముద్రపు ఉప్పు భూగర్భంలోకి చొచ్చుకువచ్చింది. తీరానికి దగ్గరగా ఉన్న తోటలెన్నో పాడుబడ్డాయి. నీటిలో ఉప్పు ఎంత పెరిగిందో దాని విద్యుద్వాహకత చెబుతుంది. దానిని గంటగంటకూ నమోదుచేసే సెన్సర్‌ను బావిలో దించడం రసాయన శాస్త్రజ్ఞులకు కష్టమేమీ కాదు. కష్టమంతా ఆ అంకెలను ప్రయోగశాలకు చేర్చడంలోనే ఉంది.

సెన్సర్ చిన్న బ్యాటరీతో బ్రతుకుతుంది. అడ్డులేని చోట రేడియో సంకేతాన్ని రెట్టింపు దూరం పంపాలంటే నాలుగింతల శక్తి కావాలి. నేలను ఆనుకొని పంపితే అది పదహారింతలు కూడా కావచ్చు. పోనీ, ఒక సెన్సర్ నుంచి మరొకదానికి చేతులు మార్చుకుంటూ పంపుదామా? అప్పుడు కేంద్రానికి దగ్గరగా ఉన్న సెన్సర్లు ఊరందరి బరువూ మోసి అందరికంటే ముందు కన్నుమూస్తాయి. మొబైల్ ఫోన్ సంకేతం అందే చోట ఈ చిక్కు కొంత తగ్గిందనుకోండి.

సమాచారం బండి దగ్గరకు వెళ్ళడం కాదు, బండే సమాచారం దగ్గరకు వెళ్ళాలని 2003లో రాహుల్ షా, సుమిత్ రాయ్, సుశాంత్ జైన్, వేలన్ బ్రునెట్ ఒక పద్ధతిని విశ్లేషించారు. దానికి 'డేటా మ్యూల్' అని, అంటే కంచరగాడిద అని పేరు పెట్టారు. ఆ సంవత్సరాలలోనే హిందూపురం దారిలోని దొడ్డబళ్ళాపురం ప్రాంతంలో ఒక బస్సు వైర్‌లెస్ పరికరంతో పల్లెల సమాచారాన్ని మోసింది. బస్సు దారి ముందే నిశ్చయమైనది. జీపుకు మాత్రం దారి మనమే నిర్ణయించాలి.

సంక్రాంతి నాటకం అభ్యాసానికి ఘుబ్రా, అజైబా, అల్ ఖువైర్ ఇళ్ళ నుంచి పిల్లలను ఎక్కించుకువచ్చే తల్లిదండ్రులకు ఈ చిక్కు తెలిసినదే. బయలుదేరే చోటుతో కలిపి 10 చోట్లయితే చుట్టివచ్చే దారులు 1,81,440. అవే 20 అయితే 600 కోట్ల కోట్లు దాటుతాయి! అయినా నిరాశ అక్కరలేదు. బెంగాల్ జనపనార సర్వే సందర్భంగా పి.సి. మహలనోబిస్ 1940 నాటికే ఈ ప్రయాణ వ్యయాన్ని పరిశీలించారు. ఒకే ప్రాంతంలో చెదరివున్న స్థలాల సంఖ్య నాలుగింతలైతే, అతి చిన్న దారి పొడవు సుమారు రెండింతలే అవుతుందని 1959లో గణితజ్ఞులు నిరూపించారు.

బండి బావి గట్టు దాకా వెళ్ళనవసరం లేదు, రేడియో అందితే చాలు. అది 100 మీటర్లు అందేదయితే, గంటకు 36 కిలోమీటర్ల వేగంతో సాగే జీపుకు దొరికేది మహా అయితే 20 సెకన్లు. తొందరపడితే అంకెలు సగంలో తెగిపోతాయి.

అతి చిన్న దారే ఉత్తమమని పుస్తకాలు చదివి నేనూ భ్రమపడ్డాను. 2021 అక్టోబరు 3న షహీన్ తుఫాను ఈ బాతినా తీరాన్నే తాకింది. అటువంటి వరదలో వాదీ అంచున ఉన్న సెన్సర్ కొట్టుకుపోతే నెలల కొలతలు దానితోనే పోతాయి. ఉప్పు ఏ వారంలో పెరిగిందో రైతుకు ఎవరూ చెప్పలేరు. కొన్ని సెన్సర్ల జ్ఞాపకశక్తి మిగతావాటికంటే ముందే నిండిపోతుంది కూడా. కనుక ప్రతి బావికీ ఒక గడువు కట్టి, గడువు దగ్గరపడినదానిని ముందు చూడాలి. వాన సూచన ఉన్న రోజున నేనయితే దారి ఎంత చుట్టయినా వాదీ పల్లంలోని బావులతోనే మొదలుపెడతాను. మెట్టమీద తోటలు మరునాటికి ఆగుతాయి.