పసిబిడ్డల పడిశమును గృహవాతావరణమును

పురసవాక్కమునందలి యిండ్లలో బిడ్డ వేకువనే వరుసగా తుమ్మినచో, నింద సాధారణముగా తలస్నానముపైనో పెరుగన్నముపైనో పడును. జ్వరము లేక, ముక్కు నీరువలె కారుచు, కన్నులు దురదపెట్టుచు వారముల తరబడి నిలుచు పడిశము వట్టి జలుబు కాకపోవచ్చును. అది ఎలర్జీ యని అనుమానింపవలెను.

తల్లిదండ్రులనుండి బిడ్డకు సంక్రమించునది ప్రవృత్తి మాత్రమే. దానిని వ్యాధిగా మార్చుటలో తొలియేండ్లలో పీల్చిన గాలికి గొప్ప పాలు గలదు. చెన్నపురి గాలి యేడాది పొడవునను తేమ గలది. కంటికి కానరాని ధూళిపురుగులు నీరు త్రాగవు. ఆ తేమనే గ్రహించి, మన చర్మమునుండి రాలు పొట్టును తిని, పరుపులలోను దిండ్లలోను వృద్ధిపొందును. ముక్కును రేపునది ముఖ్యముగా వాని మలము. ఇరుకు వీథులలో ఎండ సోకని గదులు వానికి పుట్టినిండ్లు. పరుపులను మిద్దెపై ఎండవేయు పెద్దల యలవాటు చాదస్తము కాదు.

స్నానానంతరము బిడ్డకు పట్టు సాంబ్రాణి ధూపము మాట వేరు. అది ఎలర్జీకి మూలమని చెప్పజాలము గాని, వాచిన ముక్కును మరింత బాధించును. ఇంటిలో కాల్చు చుట్ట, సిగరెట్టుల పొగ అంతకంటె చెరుపు.

1989లో స్ట్రాచన్ అను బ్రిటిషు వైద్యశాస్త్రజ్ఞుడు 1958లో జన్మించిన 17,414 మంది బ్రిటిషు పిల్లల వివరములను పరిశీలించి, అన్నలు, అక్కలు ఎక్కువగా గలవారిలో ఈ వ్యాధి తక్కువని చూపెను. తోబుట్టువులనుండి శైశవమున అంటుకొను చిన్న జబ్బులే రక్షణ యిచ్చుచుండవచ్చునని ఆయన ఊహ. అది నేటికిని వివాదగ్రస్తము. ఇంటిని మురికిగా నుంచవలెనని దాని యర్థము కాదు.

ముక్కు మూసికొని నోటితో ఊపిరి పీల్చు బిడ్డకు నిద్ర చాలదు. మరునాడు బడిలో మనసు నిలువదు. ఇట్టివారిలో కొందరికి ఉబ్బసమును తోడగును. పడిశము వచ్చిన ప్రతిసారియు అంగడిలో యాంటీబయాటిక్ కొని పోయుటవలన ఈ ఎలర్జీ తగ్గదు.